కింది పళ్లన్నీ పోయాక ఇంప్లాంట్లు: రెండు చాలా, నాలుగు కావాలా, ఆరు ఎందుకు?

కింది పళ్లు మొత్తం పోయిన మనిషిని ముగ్గురు డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్తే ఒకరు రెండు ఇంప్లాంట్లు చాలు అంటారు, ఇంకొకరు నాలుగు వేసి ఫిక్స్ చేసేద్దాం అంటారు, మూడో ఆయన ఆరు లేకపోతే నేను చెయ్యను అంటారు. బయటికి రాగానే ఇంట్లోవాళ్లకి వచ్చే మొదటి అనుమానం, వీళ్లలో ఎవరో మనల్ని ముంచుతున్నారు అని. జ్ఞానదంతాలు వదిలేస్తే కింద పళ్లు 14, వాటికి రెండు స్క్రూలు ఎలా సరిపోతాయి అని ఒకరు, అసలు పన్నుకో స్క్రూ ఎందుకు వెయ్యరు అని ఇంకొకరు. తమాషా ఏంటంటే ఆ ముగ్గురు డాక్టర్లూ కరెక్టే అయ్యుండొచ్చు, ఎందుకంటే వాళ్లు మాట్లాడుతున్నది ఒకే వస్తువు గురించి కాదు.

ఈ నంబర్ల గొడవలోకి దిగే ముందు తేల్చుకోవాల్సినవి రెండు సంగతులు. ఆ పళ్లు రాత్రి మన చేత్తో మనం తీసి పక్కన పెట్టుకునేవా కాదా అన్నది ఒకటి. నమిలేటప్పుడు పడే బరువు చిగురు మీద పడుతుందా, ఎముక మీద పడుతుందా అన్నది రెండోది. ఇవి తేలితే రెండా, నాలుగా, ఆరా అన్నది చాలా వరకు దానంతటదే తేలిపోతుంది.

## ఇంప్లాంట్ అంటే పన్ను కాదు

మాటల దగ్గరే సగం కన్ఫ్యూజన్ ఉంది. ఇంప్లాంట్ అంటే ఎముకలోకి బిగించే టైటానియం స్క్రూ, అంతే. మందం సాధారణంగా మూడున్నర నుంచి నాలుగున్నర మిల్లీమీటర్లు, పొడవు 8 నుంచి 15 మిల్లీమీటర్ల మధ్య. ఇది బయటికి కనిపించదు. దాని నెత్తిన చిగురు దాటి పైకి వచ్చే ముక్కని అబట్‌మెంట్ అంటారు. ఆ అబట్‌మెంట్ మీద కూర్చునేవి పళ్లు. అంటే మూడంతస్తులు, మూడూ వేరే వేరే వస్తువులు, ఒక్కోటి పాడయ్యే తీరు వేరు, ఆయుష్షు కూడా వేరు. "ఇంప్లాంట్ ఊగుతోంది" అని కంగారుపడుతూ వచ్చేవాళ్లలో చాలామందికి నిజానికి వదులైంది పైన ఉన్న చిన్న స్క్రూ, ఎముకలో ఉన్నది కాదు. మొదటిది అయితే బిగిస్తే పోతుంది, రెండోది నిజంగా ఊగిందంటే దాన్ని తీసెయ్యాల్సిందే, కాబట్టి ఈ తేడా చిన్నదేం కాదు.

ఇక పైనున్న పళ్లు రెండు రకాలు. మన చేత్తో తీసి మళ్లీ నొక్కి పెట్టుకునే సెట్టుని ఓవర్‌డెంచర్ అంటారు, చూడ్డానికి మామూలు కట్టుడు పళ్లలాగే ఉంటుంది, కాకపోతే అడుగున టిచ్ బటన్లలాంటివి ఉండి ఇంప్లాంట్లని పట్టుకుంటాయి. రెండోది ఫిక్స్‌డ్ బ్రిడ్జ్, పళ్లన్నీ ఒకే ముక్కగా చేసి ఇంప్లాంట్లకి స్క్రూలతో బిగించేస్తారు, స్క్రూ రంధ్రాల మీద పంటి రంగు ఫిల్లింగ్ పెట్టి మూసేస్తారు, దాన్ని డాక్టర్ మాత్రమే విప్పగలరు.

## పై సెట్టు నిలుస్తుంది, కింది సెట్టు ఎందుకు నిలవదు

పై దవడ సెట్టు అంగిలి మొత్తాన్ని కప్పేస్తుంది. సెట్టుకీ అంగిలికీ మధ్య లాలాజలం పల్చటి పొరలా ఉండి, తడి గాజు పలకలు రెండు ఒకదానికొకటి అతుక్కున్నట్టు అతుక్కుంటుంది. కింద ఆ సదుపాయం లేదు. మధ్యలో నాలుక ఉంది కాబట్టి సెట్టు గుర్రపు నాడా ఆకారంలో సన్నగా ఉండాలి, ఆనుకునే చోటు పైదాంతో పోలిస్తే దాదాపు సగం. పైగా లోపలి నుంచి నాలుక, బయటి నుంచి పెదవీ బుగ్గా రోజంతా దాన్ని నెడుతూనే ఉంటాయి.

మా పెద్దమ్మ ఏళ్ల తరబడి కింది సెట్టుని నాలుకతో అదిమిపట్టుకుని మాట్లాడేది. ఫోన్లో అయితే మాట మధ్యలో టక్, టక్ అని వినిపించేది, సిగ్నల్ ప్రాబ్లమ్ అనుకునేవాణ్ణి నేను. నవ్వొస్తే చెయ్యి నోటికి అడ్డం వెళ్లిపోయేది. ఒకసారి కుళాయి కింద ఆ సెట్టు కడుగుతూ చూస్తే అడుగున చిగురు కూర్చోవాల్సిన గాడి దాదాపు లేదు, పలక లాగా చదునుగా ఉంది. సెట్టు అరిగిందేమో అనుకున్నాను గానీ అరిగింది ఆవిడ దవడ, దానికి తగ్గట్టు డాక్టర్లు సెట్టు అడుగు మళ్లీ మళ్లీ నింపుకుంటూ వచ్చారు.

ఎందుకలా అంటే, పంటి వేరు చుట్టూ ఉండే ఎముక ఆ వేరు ద్వారా వచ్చే ఒత్తిడితోనే నిలబడుతుంది. వేరు పోతే దానికి పనిలేదు, శరీరం మెల్లగా దాన్ని కరిగించేస్తుంది. పళ్లు తీసిన మొదటి ఏడాదిలో ఎక్కువ పోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది కానీ పూర్తిగా ఆగదు. టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు కట్టుడు పళ్లవాళ్లని 25 ఏళ్ల పాటు గమనించి 1972లో రాసిన పేపర్‌లో, కింది దవడ ఎముక పైదాని కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ కరుగుతోందని తేల్చారు. అసలే తక్కువ చోటున్న వైపే ఎముక ఎక్కువ పోతోందన్నమాట. అందుకే ఇంప్లాంట్ల వల్ల మనిషికి తేడా కొట్టొచ్చినట్టు తెలిసేది కింది దవడలోనే.

## ఎముక టైటానియంని పట్టుకోవడం

దీనికి మూలపురుషుడు పంటి డాక్టర్ కాదు. పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే స్వీడన్ శాస్త్రవేత్త 1952లో కుందేళ్ల కాలి ఎముకలో రక్తప్రసరణ ఎలా ఉంటుందో చూడ్డానికి టైటానియంతో చేసిన చిన్న పరికరాలు పెట్టాడు. ప్రయోగం అయ్యాక వాటిని తీసి మళ్లీ వాడుకుందామంటే రాలేదు, ఎముక దాన్ని అంటిపెట్టుకుని పెరిగిపోయింది. 1965లో గోథెన్‌బర్గ్‌లో మొదటి పేషెంట్‌కి వేసింది కూడా కింది దవడలోనే, ఆ మనిషి 2006లో చనిపోయేదాకా, అంటే 40 ఏళ్లు పైబడి అవి పనిచేశాయి. ఈ పట్టుకి ఆయన పెట్టిన పేరు ఆసియోఇంటిగ్రేషన్.

జిగురు పెట్టి అతికించడం లాంటిది కాదిది. బిగించిన రోజు స్క్రూ మరల పట్టుతోనే నిలబడుతుంది, గోడలో దించిన స్క్రూ లాగా. తర్వాత చుట్టూ ఉన్న పాత ఎముక కొంత కరిగి, దాని స్థానంలో కొత్త ఎముక లోహాన్ని ఆనుకుని పెరుగుతుంది. పాత పట్టు తగ్గుతూ కొత్త పట్టు ఇంకా రాని సమయం ఒకటి ఉంటుంది, సుమారు రెండో వారం నుంచి నాలుగో వారం మధ్య, అప్పుడు ఇంప్లాంట్ అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. నొప్పి తగ్గిపోయి మనిషికి అంతా బాగానే ఉందనిపించేది కూడా సరిగ్గా అప్పుడే, గట్టివి కొరికి చూద్దామా అనిపించేదీ అప్పుడే. ఆ సమయంలో ఇంప్లాంట్ 150 మైక్రాన్లకి మించి కదిలితే, అంటే దాదాపు రెండు తల వెంట్రుకల మందం అంత కదిలితే, ఎముక బదులు మెత్తటి పీచు కణజాలం చుట్టుకుంటుంది, ఇంక అది ఎప్పటికీ గట్టిపడదు. బ్రోనెమార్క్ పాత పద్ధతిలో కింది దవడకి మూడు నాలుగు నెలలు, పైదానికి ఐదారు నెలలు ఆగమన్నది ఇందుకే.

## దవడలో నరం దారి, దాని వల్ల వచ్చే హద్దు

కింది దవడ ఎముక లోపల వెనక నుంచి ముందుకి ఒక సన్నటి సొరంగం ఉంటుంది, అందులో నరం వెళ్తుంది. ముందు వైపు చిన్న దవడ పళ్ల వేళ్ల దగ్గర, రెండు పక్కలా, ఒక్కో రంధ్రంలోంచి అది బయటికొచ్చి కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇస్తుంది. ఆ రంధ్రాన్ని మెంటల్ ఫొరామెన్ అంటారు. పేరులో మెంటల్ అంటే లాటిన్‌లో గడ్డం, మనసుతో సంబంధం లేదు.

వెనక పళ్ల చోట ఎముక పైనుంచి బాగా కరిగిపోయి ఉంటే చిగురుకీ నరానికీ మధ్య మిగిలేది చాలా తక్కువ, అక్కడ డ్రిల్ కాస్త లోతుగా వెళ్లినా పెదవి మొద్దుబారుతుంది, కొందరిలో అది తిరిగి రాదు. రెండు రంధ్రాలకీ మధ్య, అంటే గడ్డం ముందు భాగంలో, ఆ భయం చాలా తక్కువ, ఎముక కూడా గట్టిది, ఎంత కరిగినా ఎంతో కొంత మిగిలే చోటు అదే. కింది దవడ మొత్తం పళ్ల ప్లాన్లన్నీ ఈ ముందు భాగం చుట్టూనే తిరగడానికి కారణం ఇది.

అలాగని ముందు భాగం పూర్తిగా సేఫ్ అని కాదు. నాలుక వైపు ఎముక లోపలికి ఒంపు తిరిగి ఉన్నవాళ్లలో డ్రిల్ ఆ గోడ చీల్చుకుని వెళ్తే నాలుక కింద రక్తస్రావమై వాపు శ్వాస దారినే మూసే ప్రమాదం ఉంది. అరుదు, కానీ వస్తే ప్రాణం మీదికొస్తుంది. సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తియ్యమనేది ఈ ఒంపు, నరం దారి రెండూ చూడ్డానికే, మామూలు ఎక్స్‌రేలో ఎముక పొడవూ ఎత్తూ కనిపిస్తాయి గానీ మందం కనిపించదు.

## రెండు ఇంప్లాంట్లు: సెట్టు జారకుండా పట్టుకునే ఏర్పాటు

రెండు ఇంప్లాంట్లు కోరపళ్ల చోట్లలో వేసి, వాటి మీద బొడిపెల్లాంటి అబట్‌మెంట్లు పెట్టి, సెట్టు అడుగున వాటికి సరిపడా మూతలు అమర్చడం ఇందులో పని. బాగా వాడుకలో ఉన్న రకం పేరు లొకేటర్. దగ్గర్నుంచి చూస్తే సెట్టు అడుగున చిన్న లోహపు గిన్నె, అందులో చొక్కా గుండీ కంటే చిన్నదైన నైలాన్ రింగు ఉంటాయి. రంగుని బట్టి పట్టు ఉంటుంది, తెల్లగా పారదర్శకంగా ఉన్నది గట్టిది, పింక్ మధ్యస్తం, నీలం వదులు. నోట్లో పెట్టి వేళ్లతో నొక్కితే క్లిక్ మని కూర్చుంటుంది. వాడేకొద్దీ నైలాన్ అరుగుతుంది, క్లిక్ మెత్తబడుతుంది, అప్పుడు డాక్టర్ దగ్గర రింగు మార్పించుకోవాలి, అది కొన్ని నిమిషాల పని.

ఇక్కడ గమనించాల్సింది, రెండు ఇంప్లాంట్లు సెట్టుని ఊడకుండా పట్టుకుంటాయి గానీ నమిలే బరువంతా మొయ్యవు. వెనక పళ్లతో నమిలితే ఆ రెండు బొడిపెల్నీ కలిపే గీత చుట్టూ సెట్టు తలుపులా కొంచెం తిరిగి వెనక భాగం చిగురు మీద దిగుతుంది. అంటే వెనక బరువు మోసేది ఇంకా చిగురే, అక్కడ ఎముక కరగడం కూడా పాత పద్ధతిలోనే సాగుతుంది, కొన్నేళ్లకోసారి సెట్టు అడుగు మళ్లీ నింపించుకోవాలి. ముందు భాగంలో ఇంప్లాంట్ల చుట్టూ ఎముక మాత్రం బాగా నిలుస్తుంది.

ఇంత మామూలు ఏర్పాటు అయినా దీనికున్న మద్దతు తక్కువది కాదు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో కూర్చున్న నిపుణులు, పళ్లులేని కింది దవడకి మామూలు డెంచర్, అంటే ఇంప్లాంట్లు లేని కట్టుడు పళ్ల సెట్టు, ఇకమీదట మొదటి ఎంపికగా ఉండకూడదు, ఆ చోటు రెండు ఇంప్లాంట్ల ఓవర్‌డెంచర్‌ది అని ప్రకటించారు. 2009లో బ్రిటన్‌లో వచ్చిన యార్క్ ప్రకటన కూడా దాదాపు అదే చెప్పింది. దీన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. ఎముక బాగా ఉండి డెంచర్ సరిగ్గా కుదిరినవాళ్లు చాలామంది హాయిగానే ఉన్నారు కదా, అందరికీ ఆపరేషన్ ఎందుకు అన్నది వాళ్ల మాట, అందులో నిజం లేకపోలేదు. నా లెక్కలో ఈ రెండు మాటలకీ పెద్ద వైరం లేదు, డెంచర్‌తో బతుకు సాగుతున్నవాళ్ల గురించి ఒకరు, సాగనివాళ్ల గురించి ఒకరు మాట్లాడుతున్నారు.

## నాలుగు, ఆరు: బరువంతా ఎముక మీదకి మార్చినప్పుడు

ఫిక్స్‌డ్ బ్రిడ్జ్‌లో చిగురుకి పనిలేదు, నమిలే బరువు మొత్తం ఇంప్లాంట్ల ద్వారా ఎముకలోకే పోతుంది. అందుకే రెండు సరిపోవు. ఇక్కడ ఒక చిక్కుంది, ఇంప్లాంట్లన్నీ నరం రంధ్రాలకి ముందే ఉంటాయి, నమిలే దవడ పళ్లేమో వాటి వెనక ఉండాలి. కాబట్టి బ్రిడ్జ్ వెనక భాగం ఆధారం లేకుండా బాల్కనీలా గాల్లో నిలబడుతుంది. దాన్ని కాంటిలీవర్ అంటారు.

లెక్కేసి చూద్దాం. ముందు ఇంప్లాంట్‌కీ వెనక ఇంప్లాంట్‌కీ మధ్య దూరం 10 మిల్లీమీటర్లు, వెనక ఇంప్లాంట్ దాటి బ్రిడ్జ్ ఇంకో 15 మిల్లీమీటర్లు ఉందనుకోండి. ఆ చివర 10 కిలోల బరువు పడితే, గడ్డపారతో రాయి లేపినట్టు, వెనక ఇంప్లాంట్ మీద కిందికి 25 కిలోలు పడుతుంది, ముందు ఇంప్లాంట్‌ని పైకి లాగే బలం 15 కిలోలు. నోట్లో నమిలింది 10 కిలోల బరువుతోనే, ఎముకకి తెలిసింది 25. ముందూ వెనకా ఇంప్లాంట్ల మధ్య దూరం సగానికి తగ్గి 5 మిల్లీమీటర్లే ఉంటే వెనకదాని మీద 40 కిలోలు. (ఇది రెండు ఇంప్లాంట్ల మీద నిలబడ్డ కడ్డీ అనుకుని వేసిన మోటు లెక్క, నోట్లో బరువు కాస్త పంచుకుంటుంది, కానీ పోకడ ఇదే.) అందుకే డాక్టర్లు ముందు ఇంప్లాంట్ల గీతకీ వెనక ఇంప్లాంట్ల గీతకీ మధ్య దూరం కొలిచి, కాంటిలీవర్ దానికి ఒకటిన్నర రెట్లు మించకూడదనే మోటు లెక్క ఒకటి పెట్టుకుంటారు. 10 ఉంటే 15, అంటే ఒక చిన్న దవడ పన్నుకో ఒక పెద్ద దవడ పన్నుకో చోటు. 6 ఉంటే 9, ఒక్క చిన్న పన్నుతో సరి.

ఇప్పుడు అర్థమవుతుంది, ఎన్ని వేశారు అన్నదాని కన్నా ఎంత దూరంగా వేశారు అన్నది ముఖ్యం. గడ్డం దగ్గర దవడ చదునుగా ఉన్నవాళ్లకి ఆరు వేసినా అన్నీ దాదాపు ఒకే గీతలో పడతాయి, పెద్ద లాభం ఉండదు.

నాలుగుతో పనయ్యే పద్ధతి పుట్టింది ఈ ఇబ్బందిలోంచే. పోర్చుగల్‌కి చెందిన పాలో మాలో బృందం 2003లో ప్రచురించిన ఆల్ ఆన్ ఫోర్ పద్ధతిలో ముందు రెండు నిటారుగా వేస్తారు, వెనక రెండు ఏటవాలుగా, 45 డిగ్రీల దాకా వంచి వేస్తారు. కొన నరం రంధ్రానికి ముందే ఉంటుంది, తల మాత్రం వెనక్కి వాలుతుంది. 13 మిల్లీమీటర్ల ఇంప్లాంట్‌ని 30 డిగ్రీలు వంచితే తల కొన కంటే ఆరున్నర మిల్లీమీటర్లు వెనక తేలుతుంది. నరాన్ని తాకకుండా, ఎముక గ్రాఫ్ట్ (తక్కువైన చోట వేరే ఎముక తెచ్చి నింపడం) పెట్టకుండా బాల్కనీ పొడవు తగ్గించే ఉపాయం అన్నమాట. వంచితే ఎముక పాడవుతుందని మొదట్లో చాలామంది భయపడ్డారు, ఒకే ముక్క బ్రిడ్జ్‌తో కలిపి బిగించినప్పుడు నిటారు వాటికీ వంచిన వాటికీ పెద్ద తేడా కనబడలేదు.

మరి ఐదో ఆరో వేసే డాక్టర్ వాదన? నాలుగింటిలో ఒకటి పోతే, ముఖ్యంగా వెనకది పోతే, మొత్తం బ్రిడ్జ్ ఆగిపోతుంది, ఆరింటిలో ఒకటి పోతే చాలాసార్లు నడిచిపోతుంది అంటారు. నాలుగు చాలనేవాళ్లు ఏమంటారంటే, ఎక్కువ వేస్తే ఇంప్లాంట్ల మధ్య సందు తగ్గి శుభ్రం చెయ్యడం కష్టం, ముందు భాగంలో చోటే తక్కువ అని. రెండు వాదనల్లోనూ పస ఉంది. ఇంకో విషయం చాలామందికి తెలియదు, నోరు బాగా తెరిచినప్పుడు కింది దవడ కాస్త వంగుతుంది, రెండు వెనక కొసలూ లోపలికి దగ్గరవుతాయి. రంధ్రాల మధ్య ఉన్న ఇంప్లాంట్లకి దీంతో బాధ లేదు గానీ, వెనక దాకా ఇంప్లాంట్లు వేసి అటు చివర నుంచి ఇటు చివరకి ఒకే గట్టి ముక్కగా బిగిస్తే ఆ వంపు స్క్రూల మీద పడుతుంది, కొందరు డాక్టర్లు అలాంటప్పుడు బ్రిడ్జ్‌ని ముక్కలుగా చేస్తారు.

## ఎముక ఎక్కువున్నవాళ్లకే చోటు చాలకపోవడం

ఇది వినగానే తలకిందులుగా అనిపిస్తుంది. పై పళ్ల అంచు నుంచి కింది చిగురు దాకా ఎంత సందు ఉందన్నది చాలా ముఖ్యం, ఎందుకంటే అబట్‌మెంట్, లోపలి లోహపు కడ్డీ, పైన పళ్లు అన్నీ అందులోనే ఇమడాలి. లొకేటర్ సెట్టుకి సుమారు 9 మిల్లీమీటర్లు, ఇంప్లాంట్లని కలుపుతూ కడ్డీ వేసి దాని మీద తీసిపెట్టుకునే సెట్టు కూర్చోబెట్టే రకానికి 12 పైన, అక్రిలిక్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) పళ్ల ఫిక్స్‌డ్ బ్రిడ్జ్‌కి 15 దాకా కావాలి. నిన్నమొన్న పళ్లు తీయించుకున్న మనిషికి ఎముక ఎత్తుగా ఉంటుంది, సందు 10 మిల్లీమీటర్లే ఉందనుకోండి, ఫిక్స్‌డ్ కావాలంటే ఐదు మిల్లీమీటర్ల ఎముక చెక్కి తీసెయ్యాలి. 20 ఏళ్లుగా డెంచర్ వాడుతున్నాయన నోట్లో ఎముక కరిగి ఆ చోటు ముందే తయారై ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న ఎముకని బ్రిడ్జ్ కోసం చెక్కడం ఎంతవరకు సబబు అన్నదాని మీద డాక్టర్లలోనే గట్టి చర్చ ఉంది. జిర్కోనియా (పింగాణీ లాంటి గట్టి పదార్థం) బ్రిడ్జ్‌కి ఇంతకంటే తక్కువ చోటు సరిపోతుంది, కాకపోతే అది విరిగితే నోట్లో అతుకు వెయ్యడం కుదరదు.

## ఫిక్స్‌డ్ అంటే పైమెట్టు, తీసేది అంటే కిందిమెట్టా?

అందరూ అలాగే అనుకుంటారు. 1994లో మాంట్రియల్‌లో చేసిన ఒక పరిశోధనలో 15 మందికి రెండు రకాలూ ఒకదాని తర్వాత ఒకటి వాడించి, ఆఖర్న మీకేది కావాలో ఉంచుకోండి అన్నారు. 8 మంది ఫిక్స్‌డ్ తీసుకున్నారు, 7 మంది తీసిపెట్టుకునేది తీసుకున్నారు. ఫిక్స్‌డ్ వైపు వెళ్లినవాళ్లు కదలకుండా ఉంది, నమలడం బాగుంది అన్నారు, రెండోవాళ్లు కడుక్కోవడం సులువు అన్నారు. చిన్న పరిశోధనే, కానీ రెండూ నోట్లో పెట్టుకుని చూసి చెప్పిన మాట కాబట్టి నాకు దీని మీద గురి ఎక్కువ.

కడుక్కోవడం అన్నది చిన్న మాటగా వినిపిస్తుంది గానీ ఫిక్స్‌డ్ బ్రిడ్జ్ అడుగున, చిగురుకీ దానికీ మధ్య సన్నటి సందు ఉంటుంది, అందులోకి రోజూ ఒక గట్టి కొస ఉన్న దారాన్ని బయటి నుంచి లోపలికి దూర్చి, నాలుక వైపు వేలితో అందుకుని, ప్రతి ఇంప్లాంట్ చుట్టూ అటూ ఇటూ లాగాలి, లేదా నీటి జెట్ పట్టాలి. చెయ్యి వణికేవాళ్లకి, చూపు ఆననివాళ్లకి అది రోజువారీ యుద్ధం. సెట్టు అయితే బయటికి తీసి కుళాయి కింద రుద్దేసి, నోట్లో రెండు బొడిపెల్ని బ్రష్‌తో తోముకుంటే అయిపోతుంది, మంచంలో ఉన్న మనిషికి ఇంకొకరు కూడా చెయ్యగలరు. కాకపోతే తెల్ల నైలాన్ రింగు పెడితే బలహీనమైన వేళ్లకి ఆ సెట్టు ఊడి రాదు, నీలం రంగుది పెట్టించుకోవాలి.

మనసు సంగతి కూడా ఉంది. రాత్రి పళ్లు తీసి పక్కన పెట్టుకోవడమే భరించలేనివాళ్లు ఉంటారు, వాళ్లకి క్లీనింగ్ లెక్కలు చెప్పి ఒప్పించబోవడం దండగ.

## ఒక్క రోజులో పళ్లు అన్న మాటలో ఎంత ఉంది

ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఇంప్లాంట్లు బిగించేటప్పుడు ఎముక ఇచ్చే బిగువు 35 న్యూటన్ సెంటీమీటర్లు వస్తే, అంటే సెంటీమీటర్ పొడవున్న పిడి చివర మూడున్నర కిలోల బలం పెడితే గానీ తిరగనంత, వాటన్నిటినీ కలిపి ఒకే బ్రిడ్జ్‌తో అదే రోజు బిగించొచ్చు. ఒంటరిగా ఉంటే కదిలిపోయే ఇంప్లాంట్లు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. కింది దవడ ముందు భాగంలో ఎముక గట్టిది కాబట్టి అక్కడ ఇది బాగా కుదురుతుంది. అయితే ఆ రోజు పెట్టేవి తాత్కాలిక అక్రిలిక్ పళ్లు, ఆ రెండు మూడు నెలలూ మెత్తటి తిండే, అసలు పళ్లు వాపు తగ్గి చిగురు ఆకారం తేలాక చేస్తారు. ఆపరేషన్ మొదలయ్యాక ఆ బిగువు రాకపోతే ప్లాన్ మారిపోయి మళ్లీ నెలల తరబడి ఆగడమే, ఇది ముందే మాట్లాడుకుని ఉండాలి.

## జీవితాంతం ఉండేది ఏది, మధ్యలో మార్చేది ఏది

కింది దవడ ముందు భాగంలో వేసిన ఇంప్లాంట్లలో పదేళ్ల తర్వాత కూడా 95 శాతం, ఆపైన నిలిచి ఉన్నట్టే చాలా పరిశోధనల్లో కనబడుతుంది. ఇది ఎముకలోని స్క్రూ లెక్క. పైన ఉన్నవాటికి ఈ లెక్క వర్తించదు, నైలాన్ అరుగుతుంది, అక్రిలిక్ పళ్లు అరుగుతాయి లేదా ఊడతాయి, స్క్రూలు వదులవుతాయి, సెట్టు విరుగుతుంది. జీవితాంతం అన్న మాట విన్నప్పుడు ఏ అంతస్తు గురించి అంటున్నారో అడగాలి.

ఎముకలోని స్క్రూని చంపేది ఎక్కువగా పెరి ఇంప్లాంటైటిస్, ఇంప్లాంట్ చుట్టూ పాచి పేరుకుని, చిగురు వాచి, ఎముక గిన్నెలా కరిగిపోవడం. సహజమైన పన్నుకి ఎముకతో మధ్యలో పీచు లాంటి ఒక పొర ఉంటుంది, ఇంప్లాంట్‌కి అది లేదు, ఇన్ఫెక్షన్ లోతుకి పోవడం సులువు, పైగా మొదట్లో నొప్పి ఉండదు. బ్రష్ చేస్తుంటే రక్తం రావడమే చాలాసార్లు మొదటి కబురు. పొగ తాగేవాళ్లకి, షుగర్ అదుపులో లేనివాళ్లకి, చిగుళ్ల జబ్బుతోనే పళ్లు పోగొట్టుకున్నవాళ్లకి ఇది ఎక్కువ. ఎముకలు బలపడ్డానికి వాడే బిస్ఫాస్ఫొనేట్ మందులు, ముఖ్యంగా క్యాన్సర్ చికిత్సలో ఇంజెక్షన్‌గా ఇచ్చేవి, దవడకి తగిలేలా ఇచ్చిన రేడియేషన్, ఈ రెండూ ఉంటే గాయం మానక ఎముక చచ్చిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి డాక్టర్‌కి మొదటి రోజే చెప్పాల్సిన సంగతులు. వయసు ఒక్కటే అయితే అడ్డం కాదు, 80 దాటినవాళ్లలో కూడా ఎముక పట్టు బాగానే వస్తుంది.

పై దవడలో మామూలు డెంచరే ఉన్నవాళ్ల విషయంలో ఇంకో తిరకాసు ఉంది. కింద ఇంప్లాంట్లతో బలం పెరిగాక, ముఖ్యంగా ముందు పళ్లతోనే ఎక్కువ నమిలేవాళ్లలో, ఆ దెబ్బలు పైన ముందు ఎముక మీద పడి అది కరిగి పై సెట్టు ఊగడం మొదలవుతుంది. కింది సమస్య తీరిందని సంతోషించేలోపు పై సమస్య మొదలవుతుందన్నమాట. అందరికీ జరగదు గానీ, కింద రిపేర్ చేయించుకున్నాక పై సెట్టుని కూడా ఏడాదికోసారి చూపించుకోవడం అందుకే.

## రెండుతో మొదలుపెట్టి తర్వాత పెంచొచ్చా

పెంచొచ్చు, ముందే ఆ ఆలోచనతో వేస్తే. నరం రంధ్రాల మధ్య ఐదు చోట్లు గుర్తించి, ఏ, బీ, సీ, డీ, ఈ అని పేర్లు పెట్టుకుంటారు, ఏ, ఈ అన్నవి రంధ్రాలకి కాస్త ముందు రెండు కొసలు, సీ నట్టనడుమ. మొదటి రెండు బీ, డీలలో వేస్తే ఏ, సీ, ఈ ఖాళీగా ఉంటాయి, నాలుగేళ్ల తర్వాత ఫిక్స్‌డ్ కావాలనిపిస్తే అక్కడ ఇంకో మూడు వెయ్యొచ్చు. కానీ పైన చెప్పిన 15 మిల్లీమీటర్ల చోటు లేకపోతే అప్పుడు ఎముక చెక్కడం కుదరదు, మొదట వేసిన రెండూ ఆ ఎముకలోనే ఉంటాయి కదా. కాబట్టి ఈ ప్రశ్న మొదటి స్కాన్ రోజే అడగాల్సింది.

ఇటు నుంచి అటే కాదు, అటు నుంచి ఇటు కూడా దారి ఉంది. 60 ఏళ్లప్పుడు ఫిక్స్‌డ్ వేయించుకున్నావిడకి 82కి వచ్చేసరికి చేతి వేళ్లు వంగక దారం దూర్చడం కుదరట్లేదనుకోండి, డాక్టర్ బ్రిడ్జ్ విప్పి, ఎముకలో ఉన్న అవే ఇంప్లాంట్ల మీద లొకేటర్ బొడిపెలు పెట్టి, పైన తీసిపెట్టుకునే సెట్టు చేసిస్తారు. మత్తు, డ్రిల్లు ఏమీ అక్కర్లేదు. అప్పటి నుంచి ఆ సెట్టు తీసి కడిగిపెట్టే పని కూతురో కోడలో చూసుకోగలరు.